రెండోసారి అడగకూడదు

మీ ఊరికి బస్సు కావాలా అని ఒక మనిషిని అడగడానికి పన్నెండు కార్డులు చూపించాలని ఈ పనిలో చేరేదాకా నాకు తెలియదు. అంతకుముందు పధ్నాలుగేళ్ళు తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పాను. ఆ స్కూలు మూతపడింది. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే నా నోటికి మా ఆయన బలైపోతాడని, తెలిసినావిడ ఒకావిడ చెబితే ఏలూరులో ఈ సర్వే పనికి చేరాను. జనం ఎలాంటి బస్సు ఎంచుకుంటారో తెలుసుకునే సర్వే అది. జిల్లాలో కొత్త బస్సులు ఏ దారిలో వేయాలో దీన్నిబట్టే నిర్ణయిస్తారని చెప్పారు. మంచి పనే కదా అనుకున్నాను. ఇప్పటికీ మంచి పనే అంటాను, అదే నా బాధ.

ఏలూరులో ఒక లాడ్జి మీటింగు హాల్లో మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. చెప్పినాయన హైదరాబాదులో పుట్టి పెరిగిన ఇంజనీరు. వయసులో నాకంటే బాగా చిన్న, నా దగ్గర చదువుకున్న మొదటి బ్యాచి పిల్లల ఈడు. అందరూ సార్ అంటున్నారని నేనూ సార్ అన్నాను. మనిషి మంచివాడు, గొంతు పెంచి మాట్లాడడు. నాకేమో గొంతు పెంచకుండా మాట్లాడటం చేతకాదు.

ట్యాబ్‌లో ఒక్కో కార్డు మీద మూడు నిలువు గళ్ళుంటాయి. మొదటిది బస్సు ‘ఎ’, రెండోది బస్సు ‘బి’, మూడోది ‘ఇప్పుడు వెళ్తున్నట్టే’. పక్కన పైనుంచి కిందికి ఎనిమిది వరుసలు. టిక్కెట్టు ధర, నిరీక్షణ సమయం, ప్రయాణ సమయం, నడవాల్సిన దూరం, ఆసన లభ్యత, మారాల్సిన బస్సులు, సమయపాలన, శీతలీకరణ. కార్డు మారినప్పుడల్లా ఎనిమిది వరుసల్లోనూ అంకెలు మారిపోతాయి. ఒక కార్డులో సీటున్న బస్సు ఆలస్యంగా వస్తుంది. ఇంకో కార్డులో టైముకొచ్చే బస్సులో నిలబడాలి. మూడోదాంట్లో సీటూ ఉంటుంది, టైముకీ వస్తుంది, కాకపోతే దానికోసం పొలాలమ్మట నడిచి పెద్దరోడ్డు దాకా పోవాలి.

“సీటు కోసం మీరు ఎంతసేపు ఎక్కువ ఆగుతారు అని నేరుగా అడిగితే ఎవరూ చెప్పలేరు మేడం. ఇలా అన్నీ కలిపి ముందు పెడితే, వాళ్ళకి తెలియకుండానే బయటపడుతుంది” అన్నాడు సార్.

ఆ ఆలోచన నాకు నచ్చింది. తెలివైన ఆలోచనే అది, కాదనను. తర్వాత నియమాలు చెప్పాడు. కార్డు ఒక్కసారే చదవాలి. ఉన్నది ఉన్నట్టే చదవాలి. సొంతమాటల్లో విడమరచి చెప్పకూడదు. మనిషి ఒక జవాబు చెప్పాక రెండోసారి అడగకూడదు. అడిగితే మనం వాళ్ళని ఒకవైపు నెట్టినట్టవుతుందట. ఫారం తెరిచిన క్షణం నుంచి ట్యాబ్ మా మాటలు రికార్డు చేస్తుందనీ, వాటిని ఆఫీసులో వింటారనీ కూడా చెప్పాడు.

పధ్నాలుగేళ్ళు ఒక్కో ప్రశ్న మూడుసార్లు అడిగి బతికినదాన్ని నేను. చెయ్యెత్తి లేచాను.

“కార్డు అర్థంకాక ఏదో ఒకటి చెప్పేస్తే ఎలాగండీ?”

“వందల మందిని అడుగుతాం కదా మేడం. ఒకళ్ళు ఇటు తడబడితే ఇంకొకళ్ళు అటు తడబడతారు. మొత్తం మీద సరిపోతుంది.”

అందరూ ఒకే వైపుకి తడబడితే ఏమవుతుందని అప్పుడు అడగాల్సింది. నాకు తోచలేదు. తోచినప్పటికి ఆలస్యమైపోయింది.

ఆ రోజే మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది ఒకటి చెప్పాలి. సార్ తనే స్వయంగా మైసూర్‌పాక్ ప్లేటు పట్టుకుని అందరి దగ్గరికీ వచ్చాడు. నా ముందు పెడితే “వద్దండీ” అన్నాను. “ఓకే మేడం” అని ప్లేటు పట్టుకుని పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. మా గోదావరి జిల్లాల్లో మొదటిసారి పెట్టినప్పుడు ఎవరైనా సరే “వద్దండీ” అంటారు. పెట్టేవాళ్ళు “పర్వాలేదు, తీసుకోండి” అనాలి. అప్పుడు తీసుకుంటారు. మొదటి “వద్దండీ” జవాబు కాదు, మర్యాద. ఆ సంగతి ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఆ సాయంత్రం వరకూ ఆయన చెప్పే పాఠం కంటే ఆ మైసూర్‌పాక్ మీదే నా ధ్యాస ఉంది. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే పడీపడీ నవ్వాడు.

ఆ సాయంత్రం పాసింజరు రైల్లో గూడెం వెళ్తూ ట్యాబ్‌లో ఉన్న ట్రైనింగు ఫారం నామీద నేనే ప్రయోగం చేసుకున్నాను. మొదటి మూడు కార్డులు బుద్ధిగా చదివాను. నాలుగోదానికి వరుసలన్నీ చూడటం మానేసి టిక్కెట్టు ధర ఒక్కటే చూశాను. భీమడోలు దాటేసరికి ఎనిమిదో కార్డులో ఉన్నాను, ఏం చదువుతున్నానో నాకే తెలియలేదు. ఎడమ చేతికి దగ్గరగా ఉందని ‘ఎ’ నొక్కుకుంటూ పోయాను. రాత్రి అన్నానికి ముందు మా ఆయన్ని కూర్చోబెట్టాను. ఐదో కార్డు దగ్గర “నువ్వే ఏదో ఒకటి నొక్కెయ్యి, నాకు ఆకలేస్తోంది” అన్నాడు. డిగ్రీ చదివిన మనిషి అలా అన్నాడు.

మర్నాడు సార్‌కి చెబితే చిరునవ్వు నవ్వాడు. “అది అలసట మేడం. అందుకే కార్డుల వరుస ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా మారుస్తాం” అన్నాడు. ఆయన దగ్గర ప్రతిదానికీ జవాబుండేది. జవాబు చెప్పలేని మనిషైతే నాలుగు తిట్లు తిట్టుకోవడానికైనా వీలుండేది నాకు.

మొదట ఏలూరు బస్టాండులో చేశాం. తర్వాత హైవే మీద గుండుగొలనులో. అక్కడ ఒక వరి రైతు పన్నెండు కార్డులకీ ‘ఎ’ అనే చెప్పాడు. ఫారం మూసేశాక, రికార్డింగు ఆగిపోయిందని చూసుకుని, “అన్నీ ‘ఎ’ అనే ఎందుకన్నారండీ?” అని అడిగాను. “మీరు ముందు చెప్పింది అదే కదండీ” అన్నాడాయన. ఏం తప్పు మాటన్నానోనని నా మొహం చూశాడు పాపం. తప్పేం లేదండీ అని చెప్పి వచ్చేశాను. అప్పటికింకా ఇది నవ్వుకునే విషయంగానే ఉండేది.

మూడోవారంలో కొల్లేటి వైపు పంపారు. కలిదిండి దాటాక చేపల చెరువుల గట్ల మీదుగా కారులో వెళ్ళాం. అటూ ఇటూ నీళ్ళే, మధ్యలో ఒక్క బండి పట్టే రోడ్డు. ఎదురుగా మేత లారీ వస్తే కారు వెనక్కి తీసుకోవాల్సిందే. ఆ రోడ్డు చివర ఉన్న ఊళ్ళో మమ్మల్ని నలుగుర్ని దించి తలో వీధి పంచారు. నాకు చర్చి వీధి వచ్చింది. మా నాన్న మిషను స్కూల్లో పంతులుగా చేశాడు. అలాంటి వీధుల్లోనే పెరిగాను కాబట్టి పుట్టింటికి వెళ్తున్నట్టే అనిపించింది.

నాలుగో ఇంట్లో, వసారాలో మంచం మీద ఒకాయన పడుకుని ఉన్నాడు. ఎడమ చేతికి మోచెయ్యి దగ్గర కట్టుంది. ఆయన భార్యకి యాభై దాటి ఉంటాయి. నన్ను చూడగానే కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి వేసింది. నేను వచ్చిన పని చెప్పాను. బస్సు అన్న మాట వినగానే ఆవిడ గుమ్మంలో కూలబడిపోయింది.

“మీరు బస్సు గురించి వచ్చారాండీ? ఎన్నాళ్ళకి వచ్చారండీ” అంది.

ట్యాబ్ ఇంకా తెరవలేదు. ఆవిడ చెప్పుకుపోయింది. ఆయనకి మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు ఏలూరు తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. తొమ్మిదింటికి వాళ్ళ వంతు. దానికోసం చీకటితోనే బయల్దేరి, ఆటోలో కైకలూరు చేరి, అక్కడ బస్సెక్కాలి. మామూలు రోజుల్లో ఎలాగో పడి వెళ్తున్నారు. చెరువుల్లో చేపలు పట్టే రోజైతే మాత్రం ఊళ్ళో ఆటోలన్నీ ముందే కూలీలతో వెళ్ళిపోతాయి.

“మొన్న గురువారం అలాగే అయిందండీ. మేం వెళ్ళేసరికి తర్వాతాయన్ని మిషను మీద పడుకోబెట్టేశారు. వాళ్ళ తప్పు కాదండీ, ఆయనదీ ప్రాణమే కదా. సాయంత్రం దాకా ఈయన్ని బల్ల మీద కూర్చోబెట్టానండీ. కాళ్ళు చూస్తే ఇంతలేసి పొంగిపోయాయి. ఊపిరి అందలేదు. దార్లోనే పోతాడనుకున్నాను.”

మంచం మీదాయన “ఇప్పుడవన్నీ ఎందుకే” అన్నాడు మెల్లగా.

“పొద్దున్నే ఒక్క బస్సు మా ఊరి మీదుగా ఏలూరు వెళ్తే చాలండీ. ఇంకేం వద్దు మాకు.”

“దానికోసమే వచ్చానండీ అక్కగారూ” అన్నాను. ఆ మాట ఎందుకన్నానో దేవుడికే తెలియాలి. అనకుండా ఉండాల్సింది.

ట్యాబ్ తెరిచాను. రికార్డింగు మొదలైందని మూలన ఎర్రచుక్క వెలిగింది. మొదటి కార్డు చదివాను. బస్సు ‘ఎ’ వాళ్ళ ఊరి మీదుగానే వెళ్తుంది, సీటుంటుంది, కానీ టిక్కెట్టు కాస్త ఎక్కువ, పదిసార్లలో రెండుసార్లు ఆలస్యం. బస్సు ‘బి’ చవక, కానీ నిలబడాలి, కైకలూరులో మారాలి. ఇవి నేను ఇప్పుడు మీకు చెబుతున్న మాటలు. ఆవిడకి నేను చదివి వినిపించింది ఇది కాదు. నిరీక్షణ సమయం ఇంత, సమయపాలన ఇంత, ఆసన లభ్యత కలదు, శీతలీకరణ లేదు అని ఎనిమిది వరుసలు రెండు బస్సులకీ చదివాను. చదువుతుంటేనే ఆవిడ కళ్ళల్లో వెలుగు తగ్గిపోవడం కనిపించింది. అర్థం కాని పాఠం ముందు పిల్లలు అలాగే అయిపోతారు. పధ్నాలుగేళ్ళు చూశాను ఆ మొహాన్ని.

“ఈయన నిలబడలేరండీ. సూదులు గుచ్చే చెయ్యి కదా, ఎడం చేత్తో కమ్మీ పట్టుకోకూడదన్నారు. ఇందులో సీటుంటుందాండీ?” అంది.

ఉంటుందండీ, ‘ఎ’లో ఉంటుంది, అది మీకోసమే అన్నట్టుంది, అది తీసుకోండి. గొంతు దాకా వచ్చింది. శిక్షణలో ఇచ్చిన కాగితం మీదున్న వాక్యం చదివాను.

“మీకు అర్థమైన దాన్నిబట్టి చెప్పండి.”

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన “ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకే” అన్నాడు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. ఒకసారి నవ్వింది. “వద్దులెండి. ఉన్నది చాలండీ” అంది.

అని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

అది నాకు తెలియని “చాలండీ” కాదు. నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. మైసూర్‌పాక్ ప్లేటు ముందు నేనన్న “వద్దండీ” కూడా అదే. ఇప్పుడు నేను “మొహమాటపడకండి, చెప్పండి” అనాలి. ఆవిడ “అయితే మా ఊరి మీదుగా వెళ్ళేదే ఇప్పించండి” అంటుంది. ఒక్క మాట చాలు. మూలన ఎర్రచుక్క అలాగే వెలుగుతోంది. అంతకు వారం ముందే మాతో పనిచేసే ఒకమ్మాయి ఎవర్నో “నిజంగానా అండీ?” అని రెండోసారి అడిగిందని, ఆఫీసులో రికార్డింగు విని ఆ పిల్ల ఆ రోజు చేసిన ఫారాలన్నీ కొట్టేశారు. రెండోసారి జరిగితే పని మానేయమన్నారు. నాకు ఆ పని కావాలి. అది దాచి పెద్ద కబుర్లు చెప్పను.

‘ఇప్పుడు వెళ్తున్నట్టే’ నొక్కాను.

రెండో కార్డు, మూడో కార్డు అయ్యాయి. మూడోదాని దగ్గర ఒకసారి ముందుకి వంగి, ఏదో పట్టుకోవాలని చూసింది. “ఇది ఇందాకటి బస్సేనాండీ?” అంది. కాదు, ఇది వేరే. ప్రతిదీ వేరే. ఐదోదానికి లోపల అన్నం పొంగుతోందని లేచి వెళ్ళి వచ్చింది. ఏడో కార్డుకి “మీ ఇష్టమండీ, మీకు తెలియనిదా” అంది. మీ ఇష్టమన్న జవాబు ట్యాబ్ తీసుకోదంటే “అయితే ఉన్నదే చాలండీ” అంది. ఆ తర్వాత నేను చదవడం పూర్తి చెయ్యకముందే “ఉన్నది చాలండీ” అనేది. ఎక్కువ అడిగితే అసలుకే ఇవ్వరేమోనన్న భయం కూడా ఆవిడ మాటలో వినిపించింది నాకు. పన్నెండు కార్డులూ అయ్యాయి. పన్నెండూ ‘ఇప్పుడు వెళ్తున్నట్టే’.

ఫారం మూశాను. ఎర్రచుక్క ఆరిపోయింది. ఆవిడ టీ గ్లాసు నా చేతికిచ్చి అడిగింది.

“మరి బస్సు ఎప్పట్నుంచి వేస్తారండీ?”

నేను గ్లాసులోకి చూస్తూ టీ తాగాను. బస్సు కావాలని నాకు చెప్పేశానని ఆవిడ అనుకుంటోంది. నిజమే, చెప్పింది. ట్యాబ్ తెరవకముందు చెప్పింది.

“ఆదివారం చర్చిలో బస్సు గురించి ప్రార్థన చేయిస్తామండీ” అంది గుమ్మం దాకా వచ్చి.

కారులో మిగతా ముగ్గురినీ అడిగాను. వాళ్ళ వీధుల్లోనూ అంతే, అందరూ ఉన్నది చాలన్నవాళ్ళే. ఏలూరు చేరగానే సార్ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు, నోటుబుక్కులో రాసుకున్నాడు కూడా.

“కొన్ని ఊళ్ళలో మార్పుని అంతగా ఇష్టపడరు మేడం” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇష్టపడకపోవడం కాదు సార్, అది మొహమాటం. ఆవిడ వద్దన్నది బస్సుని కాదు, మీ ఎనిమిది వరుసల్ని. తలా తోకా తెలియనివి ముందు పెట్టి తేల్చుకోమంటే ఎవరైనా ఉన్నది చాలనే అంటారు. మీరు ఇంకొక్కసారి అడగనిస్తే…”

“అడిగితే వాళ్ళ జవాబు అవదు మేడం, మీ జవాబు అవుతుంది.” నోటుబుక్కు మూసి అన్నాడు, “మొహమాటానికి మా లెక్కల్లో వరుస లేదండీ.” వెటకారం కాదది. ఆయనకీ కొంచెం బాధగానే ఉన్నట్టు కనిపించింది.

తర్వాత కొన్నాళ్ళకి బ్యాక్‌చెక్ అని ఒకటి వచ్చింది. చేసిన ఇళ్ళలో కొన్నింటిని కంప్యూటరు ఏరుతుంది. ఆ ఇళ్ళకి మళ్ళీ వెళ్ళి ఒక్క కార్డు చూపించి అడిగి రావాలి. ముందు వెళ్ళినవాళ్ళు నిజంగా వెళ్ళారో, చెట్టు కింద కూర్చుని నొక్కేశారో పట్టుకోవడానికట. పట్టీలో ఆవిడ ఇల్లుంది. దేవుడే ఏరాడనుకున్నాను. మామూలుగా వేరే మనిషిని పంపాలి. ఆ వారం మనుషులు తక్కువై సార్ నన్నే పంపాడు. బ్యాక్‌చెక్‌లో రికార్డింగు ఉండదు. ఆ సంగతి గట్ల మీద దారంతా తలుచుకుంటూనే వెళ్ళాను.

ఆయన ఇంకా చిక్కిపోయాడు. ఆవిడ మాత్రం అదే కుర్చీ, అదే కొంగుతో తుడవడం. ఆ మొదటి కార్డే వచ్చింది. ఈసారి వరుసలు చదవలేదు. ట్యాబ్ ఒళ్ళో బోర్లించి మామూలుగా చెప్పాను.

“అక్కగారూ, ఒక బస్సు మీ ఊరి మీదుగా పొద్దున్నే ఏలూరు వెళ్తుంది. అన్నయ్యగారికి సీటుంటుంది. టిక్కెట్టు కొంచెం ఎక్కువ. అప్పుడప్పుడు ఆలస్యమవుతుంది. కావాలాండీ?”

“ఎందుకులెండి, ఉన్నది చాలండీ” అంది ఆవిడ.

“మొహమాటపడకండి. కావాలా?”

“కావాలండీ” అంది.

మంచం మీదాయన కూడా తలెత్తి చూశాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ‘ఎ’ నొక్కాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

“మొన్నే మీరు మళ్ళీ అడుగుతారని చూశానండీ. అడగలేదు. మీ చేతుల్లో ఏం లేదేమో, మిమ్మల్ని ఇరుకున పెట్టడం ఎందుకని ఊరుకున్నాను.”

ట్యాబ్ మీద ‘సరిపోలలేదు’ అని ఎర్రగా వచ్చింది. తప్పు దిద్దానని గుర్తేమో అనుకున్నాను. ఆ రోజు గూడెం చేరాక మా ఆయన చేత మైసూర్‌పాక్ తెప్పించి మరీ తిన్నాను. అంత సంతోషపడ్డాను, తెలివితక్కువ దాన్ని.

మర్నాడు సార్ పిలిచాడు. “మేడం, ఆ ఇంటి ఫారం పోయింది” అన్నాడు.

మొదటి జవాబూ రెండో జవాబూ కలవకపోతే ఆ మనిషి మాట నమ్మదగింది కాదని లెక్క. ఫారం మొత్తం తీసేస్తారు. ఊళ్ళో ఏరిన మిగతా ఇళ్ళకి ఇంకొకళ్ళు వెళ్ళారు, ఒక్కసారే అడిగారు. వాళ్ళంతా ఉన్నది చాలని మళ్ళీ అదే చెప్పారు. వాళ్ళ ఫారాలన్నీ నిలబడ్డాయి. బస్సు కావాలన్న ఒకే ఒక్క ఇల్లు ఎగిరిపోయింది.

“రెండోది నిజం సార్. నేను చెబుతున్నాను కదా.”

“ఏది నిజమో మనం తేల్చకూడదు మేడం.”

“పోనీ మొదటిదే ఉంచెయ్యండి.”

“అదీ కుదరదు. ఆ ఫారం నంబరే లేదిప్పుడు.”

ఉన్నది చాలన్న మాటైనా ఆవిడ మాటగా ఆ ట్యాబ్‌లో ఉండేది. అదీ లేకుండా చేశాను. ఆ రోజు సార్ మీద కోపం రాలేదు నాకు. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను.

రిపోర్టు వెళ్ళిపోయింది. ఆ ప్రాంతం గురించిన పేజీ సార్ నాకు చూపించాడు. చూపించకపోయినా అడిగేవాళ్ళు లేరు. చూపించడం ఆయన మంచితనం. ఈ గ్రామాల ప్రజలు ప్రస్తుత ప్రయాణ సౌకర్యంతో తృప్తిగా ఉన్నారు అని ఒక్క వాక్యం ఉంది. కొత్త బస్సులు గుండుగొలను మీదుగా హైవే మీదకీ, ముదినేపల్లి వైపుకీ గీశారు. అక్కడి జనమూ మనుషులే, వాళ్ళకీ కావాలి. “మీరు చెప్పింది గుర్తుంచుకున్నాను మేడం. వచ్చేసారి కార్డులు తగ్గిస్తాం, వరుసలు నాలుగే పెడతాం” అన్నాడు. నిజంగానే చేస్తాడు కూడా. వారానికి రెండుసార్లు వంతు కోసం పరిగెత్తే మనిషికి వచ్చేసారి అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఊరుకోలేక, తెల్లకాగితం మీద అంతా రాసి ఏలూరులో బస్సుల సంగతి చూసే ఒక ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్కడాయన కుర్చీ చూపించి, కాగితం మొత్తం చదివి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

“ఆ ఊళ్ళో సర్వే చేయించాం కదండీ. వాళ్ళే వద్దన్నారట.”

సర్వే చేసింది నేనేనని చెప్పలేక కాగితం తెచ్చేసుకున్నాను. అది ఇంకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, మడతల దగ్గర చిరిగిపోయింది.

మొన్న ఒక మధ్యాహ్నం ఏలూరు కొత్త బస్టాండులో వాళ్ళిద్దరూ కనిపించారు. పక్కకి తప్పుకుందామనుకున్నాను, అప్పటికే ఆవిడ చూసేసింది. సిమెంటు బల్ల మీద ఆయన గోడకి జారబడి కళ్ళు మూసుకున్నాడు. చేతికి కొత్త దూది, ప్లాస్టరు. ఆవిడ సంచి కిందపెట్టి నాకు చోటిచ్చింది. పేపరు పొట్లంలో అరటికాయ బజ్జీలున్నాయి. ఒకటి తీసి నా ముందు పెట్టింది.

“వద్దండీ, ఇప్పుడే తిన్నాను” అన్నాను. పొద్దుట్నుంచీ ఏం తినలేదు.

“పర్వాలేదు, తీసుకోండి. ఎండలో తిరిగినట్టున్నారు.”

తీసుకున్నాను. కైకలూరు బస్సు ఇంకా రాలేదు. ఆవిడ కాసేపు ఆయన కాళ్ళ వంక చూస్తూ కూర్చుని, నా వైపు తిరగకుండా అడిగింది.

“బస్సు సంగతేమైనా తెలిసిందాండీ?”

“చూస్తున్నారండీ” అన్నాను.

ఇప్పుడు తిరిగి నా మొహంలోకి చూసింది. మొదటిరోజు వసారాలో చూసినట్టే చూసింది.

“పర్వాలేదు, చెప్పండి. వేయరు కదండీ?”

“వేయరండీ.”

పొట్లం కాగితం మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. ఆయన కళ్ళు తెరవలేదు కానీ విన్నాడని తెలుస్తూనే ఉంది. నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, పన్నెండు కార్డులూ, ఎర్రచుక్కా, పోయిన ఫారం. ఆవిడే మళ్ళీ నోరు తెరిచింది.

“మావల్ల మీ ఉద్యోగానికేం మాట రాలేదు కదండీ?”

“లేదండీ” అన్నాను.

“నిజంగానా అండీ?” అని ఆవిడ రెండోసారి అడిగింది.